ఉల్లిపొరలో ఎరుక

ఉల్లిపాయను నాలుగు చెక్కలు చేసి మూడో రేకు తీసుకోవాలి. పైరేకు ముదురు, లోపలిది మరీ లేత. మూడో రేకును మెల్లిగా విరిస్తే లోపలి వంపున సన్నటి పొర ఒకటి వేలాడుతుంది. దాని అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాలి. చిరక్కుండా రూపాయి బిళ్ళంత వచ్చిందా, చెయ్యి తిరిగినట్టే. ఎత్తి చూస్తే ఆ పొరలోంచి కిటికీ ఊచలు లెక్కపెట్టవచ్చు.

ఈ విద్యను నేను చాలా ఏళ్ళకు మళ్ళీ చూసింది స్టూవర్టుపురంలో. ప్యాసింజరు బండి దిగి, రిటైరైన ఒక సైన్సు మాస్టారి అరుగు మీద కూర్చున్నాను. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన ముందు స్టూలు మీద పాతకాలపు సూక్ష్మదర్శిని, చుట్టూ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. డెబ్బై దాటిన వేళ్ళు, టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతున్నాయి. పొర లాగేటప్పుడు మాత్రం ఆ వణుకు ఎటు పోయిందో!

"గాలికి వదలకమ్మా, చుట్టుకుపోతుంది. ముందు నీళ్ళలో వెయ్యి" అంటున్నారు. వాచ్ గ్లాసు నీళ్ళలో పొర తేలింది. బ్లేడుతో చిన్న చదరం కోశారు. బ్రష్షుతో ఎత్తి స్లైడు మీద పరిచి సాఫ్రనిన్ ఒక్క చుక్క వేశారు. నిమిషం చాలు. అంతకుమించి ఉంచితే పొరంతా పారాణి పెట్టినట్టు ఎర్రబడి కేంద్రకం ఎక్కడుందో తెలియదు. రంగు కడిగేసి గ్లిజరిన్ చుక్క వేశాక, అసలు పని కవర్ స్లిప్పుది. ఒక అంచు ఆనించి, రెండో అంచును సూది మీద నిలిపి, బావిలోకి చేద దించినంత నిదానంగా దించాలి. తొందరపడితే గాలి బుడగ చిక్కుతుంది.

ఆ బుడగ నా పరువు తీసింది. తొమ్మిదో తరగతిలో, నల్లటి అంచుతో గుండ్రంగా అందంగా కనిపించిన దాన్ని రికార్డులో శ్రద్ధగా గీసి, గీత లాగి 'కేంద్రకం' అని రాశాను. మా మాస్టారు కింద ఎర్ర సిరాతో 'గాలికి కూడా ప్రాణం పోశావురా' అని రాసి సంతకం పెట్టారు. ఇన్నేళ్ళయినా బుడగకూ కణానికీ తేడా మర్చిపోలేదు. ఏ గైడు నేర్పుతుందండీ అలా?

ఇక కంటికి ఆనించి చూడండి. పది రెట్ల కటకం కింద పది రెట్ల కటకం, మొత్తం నూరు రెట్లు. ఈతాకు చాప అల్లికలా వరసలు వరసలుగా కణాలు. చాప నేసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ పోలిక ఎవరూ చెప్పక్కర్లేదు, తనే చెబుతుంది. గట్టి అంచు కణకవచం. దాని లోపల అంటుకుని ఉన్న పల్చటి పొర కణత్వచం. కవచమంటే కవచమే, త్వచమంటే చర్మం. ఒకటి కాపాడుతుంది, రెండోది ఏది లోపలికి రావాలో ఏది పోవాలో చూసుకుంటుంది. మాటలోనే పని ఉంది. తెలుగులో సైన్సు చెప్పలేమనేవాళ్ళకు ఈ రెండు మాటలు చాలు నా సమాధానంగా.

"కేంద్రకం మధ్యలో లేదేంటి సార్, మూలకు పోయింది?" ఒక అబ్బాయి అడిగాడు. మాస్టారు వెంటనే చెప్పలేదు. "నడింట్లో పెద్ద గాబు పెడితే మంచం ఎక్కడేస్తావురా?" అన్నారు. వాడే ఆలోచించుకుని, "గోడవార" అన్నాడు. ఆ గాబు పేరు రిక్తిక. వృక్షకణంలో ఎక్కువ చోటు దానిదే. అందుకే కేంద్రకం ఓ పక్కకు ఒదిగింది. ఆకుపచ్చ ఎందుకు లేదని ఇంకో పిల్ల అడిగింది. ఉల్లిగడ్డ మట్టిలో పెరిగేది, ఎండ మొహం చూడని చోట హరితరేణువులకేం పని?

పచ్చదనం చూడాలంటే కాలవకు పోవాలి. హైడ్రిల్లా ఆకు ఒకటి తెచ్చి స్లైడు మీద పెడితే, కణం గోడల వెంట ఆకుపచ్చ రేణువులు గానుగెద్దుల్లా తిరుగుతుంటాయి. నిజానికి తిరిగేది కణద్రవ్యం, రేణువులు దానితో కొట్టుకుపోతున్నాయి. పాఠంలో కదలకుండా పడుండే బొమ్మ ఇక్కడ బతికి కనిపిస్తుంది.

తర్వాత ఉప్పునీళ్ళు. ఉల్లిపొర మీద ఒక చుక్క వేసి కాసేపు ఆగితే, లోపలి పదార్థం కవచాన్ని వదిలి ముడుచుకుంటుంది. ఆవకాయకు ఉప్పు కలిపిన మామిడిముక్క మర్నాటికి ఊట ఎందుకు వదులుతుందో ఇదే చెబుతుంది. బయట ఉప్పు ఎక్కువైతే నీరు కణత్వచం దాటి అటే పోతుంది. దాని పేరు ద్రవాభిసరణ. చినగంజాం ఉప్పు మళ్ళకు దగ్గర్లో ఉన్న పిల్లలకు ఇంతకన్నా సొంత పాఠం ఏముంది!

చరిత్ర గురించి రెండు ముక్కలు, మిగతావి గైడులో ఉన్నాయి. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో గదులు చూశాడు. ఆ తర్వాత బతికున్న సూక్ష్మజీవుల్ని చూసిన లీవెన్‌హుక్ హాలండులో బట్టల వ్యాపారి. పోగులు లెక్కపెట్టే భూతద్దంతో మొదలైందట ఆయన కథ. చీరాల పక్కన పుట్టినవాణ్ణి, నాకు ఆ ఒక్క సంగతి చాలు ఆయన మనవాడే అనుకోవడానికి. 1831లో బ్రౌన్ కేంద్రకానికి పేరు పెట్టాడు. 1838, 39ల్లో ష్లైడెన్, ష్వాన్ జీవులన్నీ కణాలతో అయినవేనన్నారు. కణం నుంచే కణం పుడుతుందని 1855లో విర్కో తేల్చాడు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కండరంలోంచి ఏటీపీని పట్టుకున్నారు. మైటోకాండ్రియా ముద్రించే నాణెం అది. కణం ఏ పని చేయాలన్నా ఆ చిల్లరే ఖర్చు పెడుతుంది. బోదకాలు మందు హెట్రజాన్ కూడా ఆయన బృందం ఇచ్చిందే. నోబెల్ రాలేదు. మా జిల్లాల్లో సైన్సు మాస్టార్లు ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు సవరించుకునేవారు, అదే మా నోబెల్. తెనాలి కొడవటిగంటి వారి రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్త అయ్యుండి జీవశాస్త్రాన్ని కథలాగా తెలుగులో రాశారు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ పాఠాలు చెబుతూనే 'జీవ రహస్యం' రాశారు వేమూరి వేంకటేశ్వరరావు. ఇంతమంది దారి వేస్తే మనం ఏ దారిన పోతున్నాం?

బొమ్మ సంగతీ చెప్పాలి. రికార్డులో ఎడమవైపు తెల్లకాగితం మీద పెన్సిలుతో బొమ్మ, కుడివైపు గీతల కాగితం మీద వివరం. నీడ కావాలంటే పెన్సిలు రుద్దకూడదు, చుక్కలు పెట్టాలి. నేను చుక్కల పార్టీ. రుద్దేవాళ్ళను ఇప్పటికీ క్షమించలేదు. పేర్లకు లాగే గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా ఉండాలి. బోర్డు మీద మా మాస్టారి ఘనత వేరు. రెండు సుద్దముక్కలు వేళ్ళ మధ్య జంటగా పట్టుకుని ఒక్క ఊపున చుట్టేవారు. కేంద్రకం చుట్టూ ఉండే రెండు పొరలూ ఒకేసారి, ఎక్కడా కలవకుండా, మొదలైన చోటికే వచ్చి ఆగేవి. క్లాసంతా గప్‌చుప్.

ఇప్పుడు? సంతలో రికార్డులు గీసినవే దొరుకుతున్నాయి, పేరు రాసుకుంటే చాలు. థర్మోకోల్ కణం కొట్లో కొని ఎగ్జిబిషన్‌కు పట్టుకెళ్ళి బహుమతి తెచ్చుకుంటారు. తల్లిదండ్రులు ఫొటో పెడతారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో స్లైడు చేసి చూపమని ఎవరూ అడగరు కనక బడిలో ఎవరూ చేయరు. నాకు తెలిసిన ఒక బడిలో సూక్ష్మదర్శిని బీరువాలో ఉంది, తాళం హెడ్‌మాస్టర్ దగ్గర ఉంది. 'పగిలితే ఎవరు కడతారు' అన్నారు. పిల్లల తెలివి తుప్పుపడితే ఎవరు కడతారయ్యా? వీడియోలో రంగురంగుల కణం తిరుగుతుంది, నిజమే. అందులో బుడగ రాదు, పొర చిరగదు. తప్పు చేసే వీలే లేని చోట కన్ను ఎలా పదునెక్కుతుంది?

ఈ గోడంతా స్టూవర్టుపురంలో కూర్చుని ఎందుకు వెళ్ళబోసుకుంటున్నానో చెబుతాను. ఆ సాయంత్రం చివరి స్లైడు బుగ్గది. నోరు పుక్కిలించి, ఎవరి టూత్‌పిక్ వాళ్ళు తీసుకుని, మొద్దు కొసతో బుగ్గ లోపల సుతారంగా గీకి, స్లైడు మీద పులమాలి. మెథిలీన్ బ్లూ చుక్క వేస్తే నలిగిన కాగితం ముక్కల్లాంటి కణాలు, నడుమ నీలం చుక్క కేంద్రకం. కవచం ఉండదు, జంతుకణం కదా. మాస్టారు నా బుగ్గ కూడా గీకించారు. నాదొకటి, ఆ ఊరి కుర్రాడిదొకటి, రెండు స్లైడులూ మార్చి మార్చి పెట్టి, "ఏది ఎవరిదో చెప్పండి" అన్నారు.

ఎవరమూ చెప్పలేకపోయాం.

మాస్టారు ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు. కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే నేరస్థులని 1871లో చట్టం చేశారు. దాన్ని 1911లో మద్రాసు రాజధానికి తెచ్చి, ఎరుకలవాళ్ళను ఇక్కడికి చేర్చి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించి, హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు ఊరికి పెట్టారు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు పోరాడారు, 1952లో చట్టం పోయింది. సినిమాలు మాత్రం ఆ మచ్చను ఇంకా అమ్ముకుంటున్నాయి. మనిషిలో సుమారు 37 లక్షల కోట్ల కణాలున్నాయంటారు. ఏ కటకం కిందైనా పెట్టండి, దొంగతనం పేరుతో ఒక్క చుక్క కనిపిస్తే నాకు చెప్పండి. ఈ మాట ఉపన్యాసంలో చెబితే పిల్లాడు చప్పట్లు కొట్టి మర్చిపోతాడు. తన చేత్తో చేసిన స్లైడులో చూసుకుంటే ఎవడొచ్చి కాదన్నా నమ్మడు.

అందుకే అడుగుతున్నాను. బీరువా తాళాలున్న పెద్దలారా, ఒక్క ఉల్లిపాయ ఖర్చు. సాఫ్రనిన్ లేకపోతే రంగు లేకుండానే చూపించండి, వెలుతురు తగ్గిస్తే అంచులు కనిపిస్తాయి. స్టాన్‌ఫర్డులో మను ప్రకాష్ కాగితం మడిచి ఫోల్డ్‌స్కోపు చేశాడు, అదైనా తెప్పించండి. రిటైరైన మాస్టార్లు మీ వీధిలోనే ఉన్నారు, చేతులు పూర్తిగా వణకకముందే పిలవండి.

చీకటి పడుతుంటే అద్దానికి వెలుగు చాలక పిల్లలు లేచారు. ఒక పిల్ల మాత్రం కన్ను తీయలేదు. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ నాయనమ్మ నవ్వింది. "మా అమ్మ గద్దె చెప్పేదయ్యా, చెయ్యి చూసి. ఇదేం చూస్తా ఉందో!" అంది.

పిల్ల కన్ను తీయకుండానే, "నీ బుగ్గ చూస్తన్నా నాయనమ్మా, ఉండు, చెబుతా" అంది.