తామరకు నాటు మందు

తిరుపతి, చిత్తూరు పల్లెల్లో ‘తామర’ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు చెలామణి అవుతున్నాయి. ఒకటి బూజు వల్ల వచ్చేది. గజ్జల్లో, నడుము మీద బొందు బిగిసే చోట గుండ్రంగా మొదలై, అంచు ఎర్రగా పొంగి, మధ్యలో మానుతూ వెడల్పవుతుంది. ఒకే తువ్వాలు వాడే ఇంట్లో అందరికీ అంటుకుంటుంది. రెండోది ఎగ్జిమా. పసిపిల్లల బుగ్గల మీద, పెద్ద పిల్లల మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం ఎండి, ఎర్రబడి, నవ పుడుతుంది. గోకితే రసి కారి పక్కు కడుతుంది. ఏళ్లు గడిస్తే తోలు మందమై నల్లబడుతుంది. దీని అంచు ఎక్కడ మొదలైందో చెప్పలేం, ఇది ఎవరికీ అంటదు. నాటు మందుల్లో సగం పొరపాట్లు ఈ పేరు దగ్గరే పుడుతున్నాయి. చరక సంహిత 18 రకాల కుష్ఠాలు లెక్కపెట్టి, వాటిలో 11 క్షుద్ర కుష్ఠాల వరసలో దద్రువును, విచర్చికను విడివిడిగా చెప్పింది. దద్రువు బూజు తామరకు, విచర్చిక ఎగ్జిమాకు దగ్గర. శాస్త్రం రెండు పేర్లు పెడితే ఊరు ఒక్క పేరుతో సరిపెట్టుకుంది.

ఎగ్జిమాకు మూలం చర్మం పైపొర బలహీనత. లోపలి తడిని పట్టి ఉంచి, బయటి దుమ్మునూ క్రిములనూ ఆపాల్సిన పొర పలచబడితే తడి ఆరిపోతుంది, చికాకు పెట్టేవన్నీ లోపలికి దిగుతాయి. ఆ పొరను కట్టే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో తేలింది. ఉబ్బసం, తుమ్ముల ఇళ్లలో ఇది ఎందుకు ఎక్కువో అప్పటినుంచి కొంత అర్థమైంది. ‘రక్తం చెడింది’ అనే వాడుక మాటకు ఇక్కడ చోటు లేదు. చెడింది రక్తం కాదు, తోలు.

ఈ ప్రాంతంలో ఆ తోలుకు శత్రువులు చాలానే ఉన్నాయి. లోతైన బోర్ల నీళ్లలో సబ్బు నురగ రాదు, రాదని ఇంకా రుద్దుతారు. ఈశాన్య రుతుపవనం వానలు వెలిశాక మార్గశిర, పుష్య మాసాల్లో పొడి చలికి, ముఖ్యంగా మదనపల్లె వైపు, కాళ్లు పగిలి దురద మొదలవుతుంది. బీడు పడిన చెనిక్కాయ చేలల్లో వయ్యారిభామ పూస్తుంది. 1950ల్లో పుణె దగ్గర తొలిసారి కనబడిన ఈ కలుపు దేశమంతా పాకింది. దాని పుప్పొడి, ఎండిన ఆకు పొడి గాలికి వచ్చి పడితే ముఖం, కనురెప్పలు, మెడ వాచి తోలు మొద్దుబారుతుంది. చిత్తూరు అంటే తోతాపురి తోటలు కాబట్టి మామిడి సొన సంగతీ చెప్పాలి. తొడిమ తెగిన చోట చిమ్మే ఆ సొన చేతులమీద పడితే కొందరికి బొబ్బలు లేస్తాయి. అదే కుటుంబానికి చెందిన నల్లజీడితో చాకళ్లు బట్టలకు గుర్తులు పెట్టేవారు. ఆ గుర్తు మెడకు తగిలే చోట ఎగ్జిమా వచ్చేదని పాత వైద్య పుస్తకాలు రాశాయి. ఇటువంటి కారణం కనబడితే మందు కన్నా ముందు దాన్ని ఒంటికి దూరం చేయాలి.

ఇంటి వైద్యం స్నానంతో మొదలవుతుంది. సబ్బు క్షారం. చర్మం పైపొర సహజంగా కాస్త ఆమ్లం. అందుకే సబ్బు మానేసి సున్నిపిండి వాడమనడంలో అర్థముంది. మెత్తగా జల్లించిన పెసరపిండి మురికిని తీస్తుంది, జిడ్డును మొత్తం ఊడ్చేయదు. అయితే బరకగా ఉంటే గోకినట్టే పని చేస్తుంది, రసి కారే చోట అసలే పనికిరాదు. సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు బావంచాలు కలిపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థాలు ఉంటాయి. అవి ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. బొల్లి మచ్చలకు బావంచాలు వాడేది ఈ గుణం వల్లే. ఎగ్జిమా ఉన్న పిల్లల పిండిలో వాటిని వేయకూడదు.

స్నానం తరవాత నూనె. ఈ వైద్యమంతటిలో గట్టిగా నిలబడేది ఇదే. తడి పూర్తిగా ఆరకముందే, రెండు మూడు నిమిషాల్లో, ఒళ్లంతా పలచగా రాయాలి. కొబ్బరినూనెకు ఆధారం బాగానే ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా పిల్లల మీద జరిపి 2014లో ప్రచురించిన పరీక్షలో వర్జిన్ కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. అన్ని నూనెలూ ఒకటి కావు. ఆలివ్ నూనె చర్మపు పొరను ఇంకా దెబ్బతీస్తుందని ఇంగ్లండ్‌లో 2013లో చూపించారు. అందులో ఎక్కువగా ఉండే ఓలిక్ ఆమ్లం అందుకు కారణమని భావిస్తారు. ఆ ఆమ్లం చెనిక్కాయ నూనెలోనూ ఎక్కువే. పైగా పగిలిన చర్మం మీద చెనిక్కాయ నూనె ఉన్న పూతలు వాడిన పసివాళ్లలో ఆ గింజకు అలర్జీ ఎక్కువగా కనిపించినట్టు 2003లో ఒక బ్రిటిష్ అధ్యయనం చెప్పింది. గానుగ దగ్గర తాజాగా ఆడించిన నూనె కదా అని బిడ్డకు పట్టించే ఇళ్లు ఈ జిల్లాల్లో తక్కువేమీ కాదు. దాన్ని తాలింపుకు ఉంచుకోవడమే మేలు.

ఇక ఆకులు. తంటెపాకు, సీమ అవిసాకు (కొందరు మెట్టతామర అనేది దీన్నే) బూజును అణిచే గుణం ఉన్నవి, మొదటి రకం తామరకు తగినవి. ఎగ్జిమా మీద పూస్తే మంట, అంతకు మించి ఫలితం లేదు. కుప్పింటాకు, ఉప్పు నలిపి పట్టించడం ఈ వైపు బాగా వాడుకలో ఉన్న పసరు మందు. పచ్చి పుండు మీద ఉప్పు ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. ఆ ఆకును లోపలికి తీసుకుంటే పుట్టుకతో ఒక ఎంజైము లోపించిన కొందరిలో ఎర్రరక్తకణాలు పగిలి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. వెల్లుల్లి నూరి కట్టడం మందు కాదు, వాత.

వేపది వేరే స్థానం. మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుని వేపమండలు పట్టుకోవడం వెనక, ఎండాకాలపు ఒంటి జబ్బులు రావన్న నమ్మకం ఉంది. వేపకు క్రిములను తగ్గించే గుణం నిజంగానే ఉంది. రసి కారే చోట వేపాకు కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డ పావుగంట వేస్తే మంట తగ్గుతుంది. ఇందులో తడిగుడ్డ పాలు ఎంతో, వేప పాలు ఎంతో విడదీయడం కష్టం. వేపనూనె మాత్రం పసిబిడ్డల నోట్లో చుక్క కూడా వేయకూడదు. వాంతులు, ఫిట్లు వచ్చి చనిపోయిన పిల్లలున్నారు.

సరిహద్దు అవతలి సిద్ధ వైద్యం నుంచి ఇటు వచ్చిన ఒక తైలం చూడముచ్చటైనది. అంకుడు ఆకును, అంటే ఏటికొప్పాక బొమ్మలు చేసే కొయ్య ఇచ్చే చెట్టు ఆకును, తుంచి గాజు సీసాలో కొబ్బరినూనెలో ముంచి వారం రోజులు ఎండలో పెడతారు. నూనె రోజురోజుకూ ఊదారంగుకు తిరుగుతుంది. తమిళులు ఆ చెట్టును వెట్పాలై అంటారు, పొట్టు రాలే సోరియాసిస్‌కు ఎక్కువగా వాడతారు. ఎగ్జిమాకు ఇస్తే కలిగే మేలులో ఎక్కువ వాటా కొబ్బరినూనెదే అనుకోవాలి. శేషాచలం కొండల ఎర్రచందనాన్ని రాతిమీద అరగదీసి వాపులకు, దద్దుర్లకు రాయడం పాత అలవాటు. తిరుమలలో తలనీలాలిచ్చిన గుండుకు గంధం పట్టించినట్టే ఇదీ చలువ కోసం. కానీ ఆరిన గంధం తోలులోని తడినీ లాగుతుంది, ఎండిన ఎగ్జిమాకు అది పొసగదు. రక్తశుద్ధి కోసమని తాగే నన్నారి షర్బత్ ఎండకు హాయి. తామరతో దానికి సంబంధం లేదు.

ఏ కొత్త పూతనైనా ముందు ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి రెండు రోజులు చూడాలి. ఒక్క రాత్రిలో నయం చేసే ‘మూలికా క్రీము’ను అనుమానించాలి. బ్రిటన్‌లో అటువంటివి పరీక్షిస్తే చాలావాటిలో స్టెరాయిడ్ దాగి ఉన్నట్టు బయటపడింది. వైద్యుడు మోతాదు చెప్పి ఇచ్చే స్టెరాయిడ్ ఎగ్జిమాకు సరైన మందే. అదే ట్యూబును చీటీ లేకుండా కొని బూజు తామరకు రాస్తే నవ తగ్గినట్టే తగ్గినా బూజు లోలోపల పాకుతుంది. చర్మానికి రాసే చాలా స్టెరాయిడ్లను కేంద్రం 2018లో చీటీ తప్పనిసరి మందుల్లో చేర్చింది.

ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఉన్నట్టుండి జ్వరం వచ్చి, పాత మచ్చల మీద ఒకే సైజు నీటి పొక్కులు గుంపుగా లేస్తే ‘అమ్మవారు పోసింది’ అని గుమ్మానికి వేపమండ కట్టి, మందులు ఆపేసి ఇంట్లో పడుకోబెట్టడం ఈ ప్రాంతపు ఆచారం. అది చాలాసార్లు హెర్పిస్ వైరస్ ఎగ్జిమా మీద పడటం. కంటి దగ్గర లేస్తే చూపు పోవచ్చు. ఎసైక్లోవిర్ ఆ రోజే మొదలుపెట్టాలి కాబట్టి, తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రికి తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లాలి.