వెండి నాణేల కేటలాగు సంఖ్యలు - పుంగనూరు సీమ చరిత్ర: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
చారిత్రక వెండి నాణేలను గుర్తించడానికి సేకర్తలు, వ్యాపారులు, మ్యూజియంలు కేటలాగు సంఖ్యలను వాడుతున్నారు. ఈ సంఖ్య నాణెం రకాన్ని తెలుపుతుందే తప్ప, ఆ నాణెం ఎక్కడ దొరికిందో, ఎవరి చేతుల్లో తిరిగిందో తెలుపదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చరిత్రకు సంబంధించిన ఆర్కాటు, మైసూరు నాణేలను ఉదాహరణగా తీసుకొని, సంఖ్యా విధానాల ప్రయోజనాన్నీ పరిమితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నాణేల శాస్త్రం, కేటలాగు సంఖ్య, ఆర్కాటు రూపాయి, టిప్పు సుల్తాను, గుర్రంకొండ, పుంగనూరు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

పుంగనూరు సీమ మైసూరు పీఠభూమికీ ఆర్కాటు మైదానానికీ నడుమ ఉన్న ప్రాంతం. నేటి పాలనా పటంలో పక్కపక్కనే కనిపించే ఈ ఊళ్ల గతం ఒక్కటి కాదు. మదనపల్లె ప్రాంతం నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన భూభాగంలో ఉండి, కడప జిల్లాలో చేరింది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఇలాంటి సరిహద్దు సీమ ఆర్థిక చరిత్రను రాసేవారికి వెండి నాణెం ముఖ్యమైన ఆధారం. అయితే ఆ నాణెం పరిశోధకుని చేతికి తరచుగా ఒక కేటలాగు సంఖ్యతో వస్తుంది. ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చన్నది ఇక్కడి ప్రశ్న.

2. సంఖ్యా విధానాల స్వరూపం

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్నది 'కె.ఎం.' సంఖ్య. చెస్టర్ క్రాస్, క్లిఫర్డ్ మిష్లర్ పేర్ల తొలి అక్షరాలతో ఇది ఏర్పడింది. వారి ప్రపంచ నాణేల కేటలాగు 1972లో మొదట వెలువడింది. అంతకు ముందు క్రెయిగ్, యోమన్ కేటలాగుల సంఖ్యలు వాడుకలో ఉండేవి. కె.ఎం. విధానంలో పాలక రాజ్యం మొదటి విభజన. దాని కింద టంకశాల, విలువ, రకం వస్తాయి. ఒకే రకానికి చెందిన వేర్వేరు సంవత్సరాల నాణేలు ఒకే సంఖ్య కింద చేరుతాయి. భేదాలను దశాంశ బిందువుతోనూ, తరువాత బయటపడిన రకాలను సంఖ్యకు ముందు అక్షరం చేర్చీ సర్దుతారు. కంపెనీ నాణేలకు ఫ్రెడ్ ప్రిడ్మోర్ 1975లో ప్రకటించిన సంపుటంలోని సంఖ్యలు వేరు. అందువల్ల ఒకే రూపాయికి రెండు మూడు సంఖ్యలు ఉండటం సాధారణం.

ఈ విధానాల మేలును తక్కువ చేయరాదు. పారశీక లిపి చదవలేని తెలుగు పరిశోధకుడు కూడా చిత్రాన్ని పోల్చి, సంఖ్యను గుర్తించి, మరో దేశంలోని పండితునితో అదే నాణెం గురించి చర్చించగలడు. కాని ఆ సౌకర్యమే నాణేన్ని స్వయంగా చదవవలసిన శ్రమను తప్పిస్తుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది.

3. ఆర్కాటు రూపాయి: పేరు, తేదీ

ఆర్కాటు రూపాయి ఇందుకు మంచి ఉదాహరణ. నాణెంపై 'ఆర్కాటు' అని ఉన్నంత మాత్రాన అది ఆర్కాటులో ముద్రించింది కాదు. ఫ్రెంచివారు 1736లో అనుమతి పొంది పుదుచ్చేరిలో నెలవంక గుర్తుతో ఆర్కాటు రూపాయలు ముద్రించారు. కంపెనీ మదరాసులో ముద్రించింది. కంపెనీ రూపాయలపై హిజ్రీ 1172, రెండవ ఆలంగీరు 6వ పాలనా సంవత్సరం స్థిరపడిపోయాయి. ఆ చక్రవర్తి 1759లో మరణించాడు. అయినా 19వ శతాబ్దంలో యంత్రాలతో, తామర గుర్తుతో ముద్రించిన రూపాయలపై కూడా అదే తేదీ కనిపిస్తుంది. ఉత్తర ఆర్కాటు జమీందారీల చరిత్ర రాసేవారు ఆ అంకెలను యథాతథంగా తీసుకుంటే అరవై డెబ్బై ఏళ్ల పొరపాటు జరుగుతుంది.

ఇక్కడ కేటలాగు సంఖ్య మేలు చేస్తుంది. గుర్తులను బట్టి నాణేన్ని సరైన టంకశాల కింద చేర్చి ఆ పొరపాటును నివారిస్తుంది. అదే సమయంలో మరొక వాస్తవాన్ని చెదరగొడుతుంది. ఫ్రెంచి ఆర్కాటు రూపాయి ఫ్రెంచి ఇండియా పుటల్లోకి, కంపెనీ రూపాయి మదరాసు ప్రెసిడెన్సీ పుటల్లోకి వెళ్తాయి. సంతలో మాత్రం రెండూ ఆర్కాటు రూపాయలే. ముద్రించినవారి దృష్టి కేటలాగులో నిలిచింది. వాడినవారి దృష్టికి అందులో స్థానం దొరకలేదు.

4. టిప్పు నాణేలు: జఫరాబాదు ఉదంతం

టిప్పు సుల్తాను వెండి నాణేలకు ప్రత్యేకమైన పేర్లు పెట్టాడు. రెండు రూపాయల నాణెం హైదరీ, రూపాయి ఇమామీ, అర రూపాయి ఆబిదీ, పావు రూపాయి బాకిరీ. తొలి నాణేలపై హిజ్రీ సంవత్సరం ఉంటుంది. ఆ తరువాత 1215 నుంచి మౌలూదీ శకం వస్తుంది; దాని అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. అంటే 1215 సంవత్సరం నాణెంపై 5121గా కనిపిస్తుంది. హిజ్రీ 1200 నాణేనికీ మౌలూదీ 1215 నాణేనికీ నడుమ పదిహేనేళ్లు ఉన్నాయనుకోవడం పొరపాటు; ఆ వ్యవధి ఒకటి రెండేళ్లే. రెండు శకాలనూ ఒకే వరుసలో పేర్చే జాబితా వివరణ లేకపోతే దారి తప్పిస్తుంది.

టేలర్ 1914లో, మదరాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి హెండర్సన్ 1921లో టిప్పు నాణేలపై ప్రకటించిన గ్రంథాలు ఈ రంగంలో నేటికీ ఆధారాలు. టిప్పు టంకశాలల్లో జఫరాబాదు ఒకటి. అది మదనపల్లె ప్రాంతంలోని గుర్రంకొండకు ఆయన పెట్టిన పేరు. ఈ పేరు రాగి నాణేలపై కనిపిస్తుంది. కేటలాగులో 'మైసూరు' శీర్షిక కింద, ఒక సంఖ్య పక్కన ఇమిడిపోయిన 'జఫరాబాదు' గుర్రంకొండే అని తెలియని పాఠకునికి ఈ సీమలో టంకశాల ఉండేదన్న సంగతే అందదు. గుర్రంకొండ 1792లో నిజాం చేతికి, 1800లో కంపెనీ చేతికి వెళ్లింది. నాణెంపై ఉన్న పేరు, ఊరి పేరు, జిల్లా పేరు మూడూ మారిపోయిన చోట సంఖ్య ఒక్కటే చరిత్రను మోయలేదు.

5. రకం సంఖ్య, వస్తు సంఖ్య

విమర్శలో ప్రధానాంశం ఇది. కేటలాగు సంఖ్య రకానికి చెందినది. వేలాది నాణేలకు అదే సంఖ్య వర్తిస్తుంది. మ్యూజియం నమోదు సంఖ్య ఒక్క వస్తువుకే చెందినది. ఈ రెండింటి భేదాన్ని విస్మరించినప్పుడు నష్టపోయేది స్థానిక చరిత్రే. పుంగనూరు సీమలో ఒక కుండలో ఇమామీలు, ఫ్రెంచి, కంపెనీ ఆర్కాటు రూపాయలు కలిసి దొరికాయనుకుందాం. ఆ కలయికే ఆధారం; ఏ నాణేలు ఏకకాలంలో చెలామణిలో ఉన్నాయో అది చెబుతుంది. వాటిని సంఖ్యల వారీగా మూడు ఆల్బముల్లో సర్దిన మరుక్షణం ఆ కుండ చరిత్ర నుంచి మాయమవుతుంది. 1878 నాటి నిక్షేపాల చట్టం దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని నిర్దేశించినా, సేకర్తల కేటలాగులో దొరికిన చోటుకు గడి లేదు.

దీనికి ప్రత్యామ్నాయం తెలుగునేలపైనే ఉంది. అమరావతిలో దొరికిన వెండి విద్ధాంక నాణేల నిక్షేపంపై పి. ఎల్. గుప్తా రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం శాఖ 1963లో ప్రకటించింది. అందులో రకాల వర్గీకరణ నిక్షేపం అన్న చట్రం లోపలే జరిగింది. అదే పండితుడు హార్డేకర్‌తో కలిసి 1985లో రూపొందించిన విద్ధాంక నాణేల సంఖ్యలు సేకర్తలందరికీ ప్రమాణమయ్యాయి. నిక్షేపాన్ని కాపాడే గ్రంథం, రకాన్ని గుర్తించే గ్రంథం రెండూ ఒకే పండితుని కృషిలో ఉన్నాయి. అవి పరస్పర విరుద్ధాలు కావనడానికి ఇదే నిదర్శనం.

6. ముగింపు

కేటలాగు సంఖ్యను తిరస్కరించవలసిన పని లేదు. కాని పరిశోధన వ్యాసంలో దాన్ని ఒంటరిగా ఉదహరించడం సరికాదు. ఏ కేటలాగు, ఏ ముద్రణ అన్నది పేర్కొనాలి. నాణెంపై ఉన్న పాఠం, శకం, గుర్తులు, బరువు ఇవ్వాలి. నమోదు సంఖ్యనూ దొరికిన ఊరినీ చేర్చాలి. ఊరు తెలియకపోతే తెలియదనే రాయాలి. జమీందారీ సీమల ఇళ్లలో మిగిలిన వెండి నాణేలు కరగకముందే, చేతులు మారకముందే ఈ వివరాలు నమోదు కావాలి. నాణెం ఏ రకానికి చెందినదో కేటలాగు ఎప్పుడైనా చెబుతుంది. అది ఏ ఊరి నేలలో దొరికిందన్నది మాత్రం ఆనాడు రాసిపెట్టకపోతే మరే గ్రంథమూ చెప్పలేదు.