అందెలు మనవే, కథలో మనం లేం

మా అమ్మీకి చదువు రాదని సర్కారు కాగితం మీద రాసుకుపోయారు. 1990-91లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. లెక్క రాసుకోడానికి మా గల్లీకొచ్చిన కుర్రాడు గుమ్మం బయటే నిలబడి 'చదువొచ్చామ్మా?' అన్నాడు. 'ఖురాన్ చదువుతా' అంది అమ్మీ పరదా వెనకనుంచి. 'అది కాదు, చదువు' అన్నాడతను. ఉర్దూ ఉత్తరాలు కూడబలుక్కుని చదవగలనని ఆమె చెప్పలేదు. అతనడగలేదు. రాదు అని రాసుకున్నాడు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులేనని జనాభా లెక్కల నిర్వచనం. ఆ సంగతి ఆ కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కొద్దిరోజులకు కళాజాతా వచ్చింది. 1980 నుంచి కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ నడిపిన జాతాల దారి అది. 1990లో భారత జ్ఞాన విజ్ఞాన జాతా పేరుతో దేశమంతా తిరిగింది. ఆటపాటలతో అక్షరాన్ని వాడవాడకీ మోసుకెళ్ళొచ్చని అది నిరూపించింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. డప్పు మోగగానే ఊరంతా కదిలింది. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న రైతు కథ ఆడితే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆ తర్వాత నాటికలో ఓ సాయిబు వచ్చాడు. గళ్ళ లుంగీ, టోపీ, చేతిలో కోడి. ఆడదాన్ని మగాడిగా, మగాణ్ణి ఆడదానిగా చేసి తెలుగు మాట్లాడాడు. జనం విరగబడి నవ్వారు. మేమూ నవ్వాం, అది కూడా చెప్పాలి. ఆఖర్న టోపీ, బొట్టు, సిలువ చేతులు పట్టుకుని నిలబడ్డాయి. అమ్మీ కిటికీ సందులోంచి చూసి లోపలికెళ్ళిపోయింది.

ఆ కళాకారుల్లో మనమంటే ద్వేషమున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ అభ్యుదయవాదులే, నాకు ఇష్టమైనవాళ్ళే. అయినా ఆ సాయిబు అట్లాగే ఎందుకొచ్చాడు? మన గురించి రాయడానికి మనల్ని అడగాలని వాళ్ళకు తోచలేదు. మనం నేర్పించుకోవాల్సినవాళ్ళం, వినాల్సినవాళ్ళం. చెప్పేవాళ్ళం కాదు.

ఆ రాత్రి వాళ్ళు బుర్రకథ కూడా చెప్పారు. నన్ను ఇప్పటికీ పట్టి పీడించే సంగతి అదే. బుర్రకథను ఈ కాలపు ప్రజల కథగా నిలబెట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ. ప్రజానాట్యమండలిలో చేరి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బెంగాల్ కరువు చెప్పి ఊళ్ళకు ఊళ్ళను రాత్రంతా కూచోబెట్టినవాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో పోయాడు. తెలుగువాళ్ళు ఆయన్ని బుర్రకథ పితామహుడన్నారు. అని, ఆ పేరు ముందున్న షేక్‌ని మెల్లిగా మర్చిపోయారు. ఆయన జీవితకథ పుస్తకానికి పేరేమిటో తెలుసా? 'పింజారి'. ఊళ్ళో తిట్టుగా వాడే మాట అది.

నాజర్ చేతిలోని బుర్రకథకు ఓ కట్టడి ఉంది. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. అటూ ఇటూ వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. వీళ్ళ పని తందాన పలకడమొక్కటే కాదు, కథకుణ్ణి మధ్యలో ఆపడం. 'అదేంటి గురూ, అట్లా ఎందుకయింది?' అని అడగడం. కరువు కథ చెపుతుంటే గింజలు ఎవడి గాదెలో ఉన్నాయో రాజకీయం చెప్పేవాడు బయటపెడతాడు. ఆ అడ్డం తగిలే గొంతే బుర్రకథకు ప్రాణం. సర్కారు డబ్బుతో నడిచిన జాతాల్లో, నేను చూసినంతవరకు, హాస్యం మిగిలింది, రాజకీయం పోయింది. హాస్యానికి సాయిబు దొరికాడు. కథకుడు పంతులయ్యాడు. మనం చేతులు కట్టుకుని కూచున్న పిల్లకాయలమయ్యాం.

ఆ గొంతు పూర్తిగా చావలేదనడానికి అదే జిల్లాలో సాక్ష్యముంది. కలిగిరి మండలం దూబగుంట. రాత్రిబడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం, సారా చుట్టూ అల్లింది. పాఠం విన్న ఆడవాళ్ళు బుద్ధిగా అక్షరాలు దిద్దుకుని ఊరుకోలేదు. ఇది మా కథే కదా, మా ఊళ్ళో సారా కొట్టెందుకుంది అన్నారు. రోశమ్మలాంటివాళ్ళు ముందు నడిచారు. కొట్టు మూయించారు. అది ఊరూరా పాకింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కత. ఇక్కడ ఆడవాళ్ళు చేసిందేమిటి? పంతులుకు అడ్డం తగిలారు. ఖాళీగా ఉన్న రాజకీయం స్థానంలో వాళ్ళే నిలబడ్డారు.

వాచకంలో సీతమ్మ ఉంది. సకీనా లేదు. ఉంటే మాత్రం మనం ఒప్పుకునేవాళ్ళమా? తాగుడు హరాం కాబట్టి మన కౌమ్‌లో తాగేవాళ్ళు లేరని పైకి చెప్పుకుంటాం. రిక్షా తొక్కేవాడు, బండి లాగేవాడు, తోళ్ళ మండీలో పనిచేసేవాడు సాయంత్రం ఎక్కడికెళ్ళేవాడో గల్లీలో అందరికీ తెలుసు. సీతమ్మ వీధిలోకొచ్చి ఏడవగలదు. సకీనా ఏడిస్తే మొగుడి పరువుతోపాటు దీన్ పరువూ పోతుందంటారు. ఆమె నోటిమీద రెండు చేతులున్నాయి. ఒకటి పైవాళ్ళది. రెండోది మనది. జాతా కట్టినవాళ్ళు మనల్ని అడగలేదని నిష్ఠూరమాడుతున్నాం సరే, అడిగితే ఏం చెప్పేవాళ్ళం?

నాజర్‌ని మనం మాత్రం నెత్తిన పెట్టుకున్నామా? ఆటాపాటా హరాం అన్నవాళ్ళు కొందరు. దూదేకులవాడితో వియ్యమేమిటని ముఖం తిప్పుకున్న షరీఫులు కొందరు. తెలుగువాళ్ళు ఆయన ఇంటిపేరు మర్చిపోతే, మనం మనిషినే మర్చిపోయాం.

నెల్లూరులోనే మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరుగుతుంది. స్వర్ణాల చెరువు నీళ్ళలో మోకాళ్ళలోతున నిలబడి ఆడవాళ్ళు కేకేస్తుంటారు. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు. కావలసినవాళ్ళు తీసుకుంటారు. తమది తీరాక వాళ్ళూ రొట్టె చేసుకుని తెస్తారు. చీర కొంగులో బుర్ఖా చేతి రొట్టె, బుర్ఖా చేతిలో చీర కట్టిన మనిషి రొట్టె. పంతులూ లేడు, శిష్యుడూ లేడు. ముగ్గురి చేతులు కలిపి నిలబెట్టే ఆఖరి సీనుతో పనే లేదు. చదువు రొట్టె మీద ఒక నాటిక కడితే ఎంత బావుండేది! నేను చూసిన జాతాల్లో ఆ రొట్టె కనపడలేదు.

ఇప్పుడు మన సంగతి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్'. నాటికలో కోడి పట్టుకున్న సాయిబు అక్కడ తన గొంతుతో మాట్లాడాడు. మన ఇళ్ళ మాటలు తెలుగు అచ్చులోకొచ్చాయి. గొప్ప సంగతే. కానీ ఆ పుస్తకాలు హాళ్ళలో ఆవిష్కరించుకున్నాం, పత్రికల్లో చర్చించుకున్నాం. గల్లీలో ఎన్నిసార్లు చదివాం? అమ్మీలు, ఖాలాలు కూచుని వినేటట్టు, విని మధ్యలో ఆపేటట్టు ఎన్ని రాత్రులు గడిపాం? ఉర్దూ మాట్లాడే తల్లికి తెలుగులో రాసిన తన కథ చేరాలంటే గొంతు తప్ప వేరే దారి లేదు. ఆ పని జాతావాళ్ళు తప్పుగానో ఒప్పుగానో చేశారు. మనం అసలు మొదలే పెట్టలేదు.

సారా మీద నేనూ ఓ కథ రాశాను. అందులో సకీనా తాగొచ్చిన మొగుణ్ణి గుమ్మంలో నిలబెట్టి వీధంతా వినేట్టు కడిగేస్తుంది. ఒక రాత్రి అమ్మీకి చదివి వినిపించా. అక్కడికి రాగానే 'ఠైర్ రే' అంది. 'ఏ ఆడదీ అట్లా అరవదు. తలుపేసి, బకెట్లోకి నీళ్ళు పెద్దగా వదుల్తది, పక్కింటోళ్ళకు వినపడకుండా' అంది.

కథలో ఆ మాటలు కొట్టేశాను. ఆమెకెట్లా తెలుసని మాత్రం అడగలేదు.