ఫుల్ సర్వీస్ అంటే ఎంత ఫుల్?

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక బిల్లు. దాని మీద పెద్దక్షరాలతో ‘ఫుల్ సర్వీస్’ అని ఉంది. ఇంజిన్ ఆయిలు, ఫిల్టరు, చైను లూబు, బ్రేకులు, చివర్లో వాటర్ సర్వీసింగ్. ఇంతా అయ్యాక కూడా బండి స్పీడు బ్రేకరెక్కిన ప్రతిసారీ వెనక కిందినుంచి తుప్పు పట్టిన గేటులా కిర్రుమంటోంది. అడిగితే షాకబ్జర్ పోయిందేమో, మార్చేద్దామన్నారు. షాకబ్జర్‌కి ఏ రోగమూ లేదు. దానికీ చక్రానికీ మధ్యనున్న లింకేజీని ఎవరూ ముట్టుకోలేదు, అదీ సంగతి.

వాటర్ సర్వీసింగ్ మీద నా పాత పగ ఈ పేజీ చదివేవాళ్లకి తెలిసిందే. ఎండాకాలం అండమాన్‌లో మాకు నీళ్లిచ్చే ధనికారి డ్యామ్ అడుగంటి, కుళాయి వంతు ఎప్పుడొస్తుందా అని బిందెలు పట్టుకుని కూర్చునే ఊళ్లో, మంచినీళ్లని పంపు పెట్టి బండి మీద కొట్టడమేమిటని రాస్తే ఒకాయన నన్ను నీళ్ల పిసినారి అన్నాడు. అననివ్వండి. ఈసారి నా గోల నీళ్లు ఎంత పోశారని కాదు, ఎక్కడికి కొట్టారని. ప్రెషర్ గన్ను మూతి బురద పేరుకున్న చోటే పెడతారు కదా. బురద పేరుకునేది వెనక చక్రానికి ముందు, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కింద. లింకేజీ ఉండేదీ అక్కడే. అక్కడి చిన్న రబ్బరు సీలు దుమ్మును ఆపుతుంది, చినుకుల్ని ఆపుతుంది. ఆ ధారను ఆపడం దాని వల్ల కాదు.

లింకేజీ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. స్ప్లెండర్ లాంటి బళ్లకి వెనక రెండు షాకబ్జర్లు, నేరుగా స్వింగ్ ఆర్మ్‌కే బిగించి ఉంటాయి. హిమాలయన్, ఆర్15 లాంటి వాటికి ఒకటే షాకబ్జర్, బండి నడుమ. దాన్ని స్వింగ్ ఆర్మ్‌తో కలపడానికి కింద ఒక చిన్న రాకరు, లింకు పట్టీలు. చక్రం కొంచెం లేచినప్పుడు షాకబ్జర్ తక్కువ నలుగుతుంది. ఇంకా లేచేకొద్దీ అంతే దూరానికి మరింత ఎక్కువ నలుగుతుంది. అందుకే చిన్న గతుకు తెలియకుండా పోతుంది, పెద్ద గుంతలో పడ్డా నడుం విరగదు. బెల్జియం ఇంజినీరు లుసియెన్ టిల్కెన్స్ ఆలోచించిన ఒంటి షాకబ్జర్‌ను యమహా తీసుకుంది. 1973లో ఆ బండి మీద హాకన్ ఆండర్సన్ 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇక మిగతా కంపెనీలకి నిద్ర పట్టలేదు. 1980కి అటూ ఇటూగా కవాసకి యూనీ-ట్రాక్, హోండా ప్రో-లింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ వరసగా దిగాయి. అంటే ఈ లింకేజీ బురద పందేల్లో పెరిగిన పిల్ల. అయితే పందెం బండిని పందెం అవగానే విప్పి కడిగి గ్రీజు పెట్టే మనిషి ఒకడుంటాడు. మన బండికి వాడు లేడు.

ఈ లింకేజీలో కీలు కీలుకీ ఒక నీడిల్ బేరింగు ఉంటుంది. చుట్టూ సన్నటి ఉక్కు సూదులు, మధ్యలో నున్నటి కాలరు. చక్రం బేరింగులా ఇది గిర్రున తిరగదు. గతుకు పడ్డప్పుడు కాస్త అటూ ఇటూ ఊగి ఊరుకుంటుంది. తిరిగే బేరింగు తన గ్రీజును తానే మళ్లీ మళ్లీ పూసుకుంటుంది. ఊగే బేరింగులో సూది కింది గ్రీజు పక్కకి తప్పుకుందంటే తిరిగి రాదు. ఆ సందులోకి నీళ్లు దిగుతాయి. మాకు దిగేవి ఉత్త నీళ్లు కూడా కావు. 2004 డిసెంబరు 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఆ రోజు వచ్చిన సముద్రం చాలాచోట్ల అక్కడే ఉండిపోయింది. పోటు వేళల్లో ఉప్పునీళ్లలోంచి బండి నడపడం ఆ తర్వాత చాలాకాలం మాకు మామూలైపోయింది. పైనుంచి ఏడాదికి మూడు మీటర్ల వాన సరేసరి.

గ్రీజు మాటెత్తితే నాకు మా పెదనాన్న గుర్తుకు రాకుండా ఉండడు. సోంపేట దగ్గరి పల్లెనుంచి అరవయ్యోదశకంలో వైజాగ్ ఓడెక్కి వచ్చి చాథమ్ రంపపు మిల్లులో చేరాడు. 1883లో పెట్టిన మిల్లు అది; యుద్ధకాలంలో జపానువాళ్ల బాంబు పడిన గుంటను ఇప్పటికీ టూరిస్టులకు చూపిస్తారు. మిల్లులో పెదనాన్న చేసింది ఒకటే పని: రంపాల బేరింగులకు నూనె, గ్రీజు. ఎడమచేతిలో డబ్బా, భుజం మీద గుడ్డపీలికలు. దుంగల్ని తెప్పలు కట్టి సముద్రం మీద లాక్కొచ్చేవారు కాబట్టి కోసినప్పుడల్లా ఉప్పుతడి, పొట్టు కలిసి యంత్రమంతా చిమ్మేది. బేరింగు మూత తీసి పాత గ్రీజును చూపుడువేలితో తీసేవాడు. తెల్లగా, విరిగిన పాలలా ఉంటే నీళ్లు చేరాయని. నల్లగా మెరుస్తుంటే ఇనుము అరుగుతోందని. ఎర్రగా ఉంటేనే చిక్కు, ఎందుకంటే పడౌక్ చెక్క పొట్టూ ఎర్రనే, తుప్పూ ఎర్రనే. అప్పుడు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు ఎటో పెట్టి, తీరిగ్గా నలిపేవాడు. పొట్టయితే మెత్తగా పోతుంది. తుప్పయితే చర్మానికి గరుగ్గా తగులుతుంది. నా వేళ్ల మీద కూడా రాసి, “ఏటి తగుల్తోందిరా?” అనేవాడు. పన్నెండేళ్లవాడికి ఏం తెలుస్తుంది, ఇసకలా ఉంది పెదనాన్నా అనేవాణ్ణి. “అయితే మూత పెట్టకు, ఫోర్‌మన్ని కేకెయ్” అనేవాడు.

వేసవి సెలవుల్లో ఆ మిల్లు చప్పుడులో తిరిగిన చెవులు కాబట్టే కాబోలు, యంత్రం కిర్రుమంటే నాకు అన్నం సహించదు. 2002లో సుప్రీంకోర్టు ఇక్కడి అడవి నరుకుడికి కళ్లెం వేశాక మిల్లు జోరు తగ్గింది. పెదనాన్న అప్పటికే రిటైరయ్యాడు. ఉద్యోగం పొడుగూతా ఆయన రంపం పట్టలేదు, దుంగ ఎత్తలేదు. గ్రీజు పెట్టాడు, నెలనెలా జీతం తీసుకున్నాడు.

సరే, బండి దగ్గరికొద్దాం. ఆదివారం ఇంట్లోనే విప్పాను. మెయిన్ స్టాండు వేసి, చక్రం బరువు బోల్టుల మీద పడకుండా టైరు కింద చెక్కముక్కలు పేర్చాలి. బోల్టు చేత్తో జారి వస్తే చెక్కల ఎత్తు కుదిరినట్టు. సుత్తి అవసరమైతే కుదరనట్టు. కాలరు తీసేముందు కింద తెల్లగుడ్డ పరవండి. కొన్ని బేరింగుల్లో సూదులను పట్టి ఉంచే కేజ్ ఉండదు, కాలరు రాగానే జలజలా రాల్తాయి. కిరసనాయిలుతో కడిగి కాలరును వెలుతురులో తిప్పి చూడాలి. రాకరు వెనక కీలు కాలరు మీద సూదుల వరస అచ్చుపడింది, గోరు పెడితే టిక్కుటిక్కుమని తగులుతోంది. గ్రీజును వేళ్ల మధ్య నలిపాను. పెదనాన్న ఉంటే ఫోర్‌మన్ని పిలవమనేవాడే.

అచ్చుపడ్డ కాలరుకు గ్రీజు మందు కాదు, బేరింగూ కాలరూ మార్చాల్సిందే. కొత్త బేరింగు పైడొప్ప చాలా పల్చన. సుత్తితో కొడితే వంకరపోతుంది. పొడుగాటి థ్రెడ్ రాడ్డుకి రెండువైపులా సాకెట్లు పెట్టి, నట్టు బిగిస్తూ మెల్లగా లోపలికి లాగాలి. గ్రీజుకి జంగ్లీఘాట్‌లో డుంగీ పడవల సామాన్లమ్మే షాపుకి వెళ్లాను. ఉప్పునీళ్లకి ఆగే గ్రీజు ఏదో సముద్రం మీద బతికేవాళ్లకే తెలుసు. సూదికీ సూదికీ మధ్య నిండేదాకా కూరి, సీళ్లు వేసి, బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్కుకే బిగించాను. పొద్దున మొదలెట్టిన పని దీపాలు పెట్టే వేళకి అయింది.

ఇక్కడికొచ్చేసరికి మీరు ఊహించే ఉంటారు, దీవిలో ఉన్నవాడు తన పని తానే నేర్చుకోవాలన్న నా పాత పాట ఎత్తుకుంటానని. సాయంత్రం మా వీధి మెకానిక్ కుర్రాడు అటుగా పోతూ ఆగకపోతే అదే ఎత్తుకునేవాణ్ణి. నువ్వయినా ఇది ఎందుకు విప్పవురా అని అడిగాను. “ఇప్పితే పూటంతా పోద్ది బాబాయ్. ఆ పూటకి నాలుగు స్కూటర్లు సర్వీసింగు సేత్తాను. దీనికి లేబర్ సార్జి అడిగితే, కనపడని పనికి డబ్బులేటని నీలాంటోళ్లే దెబ్బలాడతారు” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయిలు మారిస్తే పాత ఆయిలు చూపిస్తాడు, ప్యాడ్లు మారిస్తే పాత ప్యాడ్లు చూపిస్తాడు. లింకేజీకి గ్రీజు పెట్టినవాడు మనకి చూపించేదేముంది? మిల్లు ఆ పనికి నెల జీతమిచ్చి మనిషిని పెట్టుకుంది. మనం ఫుల్ సర్వీస్ ధరలోనే అదీ రావాలంటున్నాం.

అందుకని ఈసారి ఇంట్లో విప్పుకోండని చెప్పను. ఆదివారమంతా ఖాళీగా ఉండి, టార్క్ రెంచి, నీడలో చోటు ఉన్నవాడికి అది సరదా. జెట్టీలో చేపలు దించి మళ్లీ తెల్లారకుండా లేచేవాడికి కాదు. ఏడాదికోసారి, వానలు వెలిశాక, మెకానిక్‌కి నోటితో చెప్పండి: లింకేజీ విప్పి గ్రీజు పెట్టాలని. దానికి విడిగా కూలి ఎంతో ముందే అడగండి, బేరమాడకుండా ఇవ్వండి. విప్పిన కాలరు చేతికిమ్మని గోరు పెట్టి చూసుకోండి. ఇక ప్రెషర్ గన్ను స్వింగ్ ఆర్మ్ కిందికి వస్తే మాత్రం మొహమాటపడకుండా ఆపేయమనండి.