చదువుతుండగా చెరపడం: పోస్ట్‌గ్రెస్ పనితనం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డిలీట్ అనే ఆజ్ఞ దేన్నీ చెరపదు. మొదటిసారి విన్నవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది గానీ, ఆ డేటాబేస్ గట్టితనమంతా ఇక్కడే మొదలవుతుంది. ఒకరు ఒక రికార్డును చదువుతూ ఉండగానే మరొకరు దాన్ని తీసేయమన్నారనుకోండి. చదివేవారిని ఆపితే పని కుంటుపడుతుంది, తీసేసేవారిని ఆపినా అంతే. ఎవరినీ ఆపకూడదు, ఎవరికీ తప్పు చూపకూడదు. ఈ పని ఎలా నడుస్తుందో, సరిగ్గానే నడుస్తోందని పరీక్షలు ఎలా తేలుస్తాయో విడదీసి చూడాలి.

ముందు రికార్డు నిర్మాణం. పట్టికలోని సమాచారమంతా 8 కిలోబైట్ల పేజీల్లో ఉంటుంది. ప్రతి రికార్డుకూ ముందు 23 బైట్ల హెడర్ ఒకటి. దానిలో మొదటి 4 బైట్లు ఎక్స్‌మిన్, అంటే ఈ రికార్డును చేర్చిన ట్రాన్సాక్షన్ నంబరు. తరువాతి 4 బైట్లు ఎక్స్‌మ్యాక్స్, అంటే దీన్ని తొలగించిన ట్రాన్సాక్షన్ నంబరు. డిలీట్ ముఖ్యంగా చేసేది ఆ రెండో గడిలో తన నంబరు వేయడమే. పాత పద్దుల పుస్తకంలో గుమస్తా చెల్లని పద్దును తుడిచేయకుండా, దాని మీద గీత కొట్టి పక్కన తేదీ వేసినట్టన్నమాట. అసలు సమాచారం ఒక్క బైటు కూడా మారదు.

తొలగించినవారు మనసు మార్చుకుని రోల్‌బ్యాక్ చేస్తే? అప్పుడు పేజీ దగ్గరికి తిరిగి వెళ్ళనే అక్కర్లేదు. ఏ ట్రాన్సాక్షన్ ఏమైందో రాసుకునే కమిట్ లాగ్ వేరే ఉంది, అందులో ఒక్కో ట్రాన్సాక్షన్‌కు 2 బిట్లే. అక్కడ 'రద్దయింది' అని నమోదైతే చాలు, ఎక్స్‌మ్యాక్స్‌లో ఉన్న నంబరుకు విలువ పోతుంది. రద్దు చేయడం ఇంత చవకగా కుదిరిందంటే, అది మొదట వేసుకున్న పునాది చలవే. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నడిపిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నుంచే పాతదాని మీద కొత్తది రాయకూడదన్న నియమం ఉంది. ఇప్పుడు మనం చూసే బహుళ ప్రతుల విధానం 1999లో 6.5 వెర్షన్‌తో వచ్చింది.

ఇక చదివేవారి సంగతి. చదువు మొదలయ్యేటప్పుడు ఒక స్నాప్‌షాట్ తీసుకుంటారు. ఇంకా నడుస్తున్నవాటిలో అతి పాత ట్రాన్సాక్షన్ ఏది, ముగిసినవాటిలో అతి పెద్ద నంబరుకు తరువాతిది ఏది, ఈ రెంటి మధ్య ముగియనివి ఏవేవి అన్న మూడు సంగతులు ముఖ్యంగా అందులో ఉంటాయి. రికార్డు మీది రెండు నంబర్లనూ దీనితో పోల్చి, ఆ రికార్డు తమకు కనబడాలో లేదో తేల్చుకుంటారు. తొలగించినవారి నంబరు ఆ ముగియనివాటి జాబితాలో ఉంటే, ఆ తరువాత కమిట్ అయినా సరే, ఈ చదువరికి రికార్డు బతికే ఉంది.

గీత కొట్టిన రికార్డులను ఎప్పుడో ఒకప్పుడు ఊడ్చేయాలి కదా. ఆ పని వాక్యూమ్‌ది, అసలు ప్రమాదమూ అక్కడే. అందుకే దానికి మూడు కట్టుబాట్లు. తొలగింపుకు ముందే తీసుకున్న స్నాప్‌షాట్ ఏదైనా ఇంకా బతికి ఉంటే ఆ రికార్డును ముట్టకూడదు. పేజీలో బైట్లను జరిపి సర్దాలంటే ఆ పేజీ మీద ఇంకెవరి పిన్నూ (పేజీని వాడుకుంటున్నామన్న గుర్తు) ఉండకూడదు, ఎందుకంటే పిన్ పట్టుకున్న చదువరి లాక్ వదిలేశాక కూడా ఆ బైట్లనే నేరుగా చూస్తూ ఉండవచ్చు. మూడోది నాకు అన్నిటికంటే నచ్చినది. రికార్డు పోయినా దాన్ని చూపే 4 బైట్ల లైన్ పాయింటర్‌ను వెంటనే ఖాళీ చేయరు, 'చచ్చింది' అని గుర్తు పెట్టి ఉంచుతారు. ఇండెక్స్‌లన్నిటిలోంచి దాని చిరునామా తీసేశాకే ఆ చోటు కొత్త రికార్డుకు ఇస్తారు. ఈ క్రమం తప్పితే ఇండెక్స్ పట్టుకుని వచ్చినవారు ఒకరి ఇంటికని బయలుదేరి మరొకరి ఇంట్లో అడుగుపెడతారు.

ఇదంతా సరిగ్గా ఉందని తేల్చేదెలా? మామూలు పరీక్ష ఒక్క సెషన్‌లో వరసగా ఆజ్ఞలు ఇచ్చి ఫలితం చూస్తుంది. ఇక్కడ తప్పు దాగేది ఇద్దరి అడుగుల మధ్య సందులో. వేలసార్లు నడిపి ఎప్పుడో తగలకపోతుందా అని ఎదురుచూడటం ఒక పద్ధతి. పోస్ట్‌గ్రెస్ రచయితలు దానితో సరిపెట్టుకోలేదు. 2011లో 9.1 వెర్షన్‌తో ఐసొలేషన్ టెస్టర్ అనే పనిముట్టు వచ్చింది. పరీక్ష రాసేవారు ఒక్కో సెషన్‌కు పేరు పెట్టి, దాని అడుగులను విడివిడిగా రాస్తారు. ఏ క్రమంలో కలపాలో చెప్పవచ్చు. చెప్పకపోతే సాధ్యమైన క్రమాలన్నిటినీ అదే నడుపుతుంది.

మన సమస్యనే దానికి అప్పగిద్దాం. చదివే సెషన్‌కు నాలుగు అడుగులు: రిపీటబుల్ రీడ్ స్థాయిలో (చదువులన్నిటికీ ఒకే స్నాప్‌షాట్) ప్రారంభం, మొదటి చదువు, రెండో చదువు, కమిట్. తీసేసే సెషన్‌కు రెండు: డిలీట్, వాక్యూమ్. ఎవరి అడుగుల వరస వారిదే ఉంచి కలిపితే 15 క్రమాలు వస్తాయి. వీటిలో 9 క్రమాల్లో డిలీట్ మొదటి చదువు కంటే ముందే పడుతుంది కాబట్టి రెండు చదువుల్లోనూ రికార్డు కనబడకూడదు. గమనించండి, ఈ తొమ్మిదిలో కొన్నిట్లో ప్రారంభం ముందే అయిపోయింది. అయినా కనబడకూడదు, ఎందుకంటే స్నాప్‌షాట్ పుట్టేది ప్రారంభంతో కాదు, మొదటి చదువుతో. మిగిలిన 6 క్రమాల్లో రెండు చదువుల్లోనూ కనబడి తీరాలి. ఒకదానిలో కనబడి రెండోదానిలో మాయమయ్యే క్రమం ఒక్కటి కూడా ఉండకూడదు. పదిహేనులో అత్యంత ప్రమాదకరమైనది ఒక్కటే: రెండు చదువుల మధ్యకే డిలీట్, వాక్యూమ్ రెండూ వచ్చిపడేది. మొదటి కట్టుబాటు తెగితే బయటపడేది అక్కడే.

దీనికి జతగా ఎదురు పరీక్ష కూడా ఉండాలి. అసలేమీ ఊడ్చని వాక్యూమ్ పై పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. కాబట్టి చదువరి కమిట్ అయ్యాక, పాత స్నాప్‌షాట్ ఇంకెవరి దగ్గరా లేదని చూసుకుని, మళ్ళీ వాక్యూమ్ నడిపి, పేజ్‌ఇన్‌స్పెక్ట్ అనే ఎక్స్‌టెన్షన్‌తో పేజీని తెరిచి రికార్డు నిజంగా పోయిందో లేదో చూడాలి.

ఒక అడుగు లాక్ కోసం ఆగిపోయిందని టెస్టర్‌కు ఎలా తెలుస్తుంది? రెండు సెకన్లు చూసి ఆగిపోయిందనుకోదు. ఆ సెషన్ మరొకరి వల్ల ఆగి ఉందా అని సర్వర్‌నే అడుగుతుంది. ఆగి ఉంటే 'వెయిటింగ్' అని రాసుకుని తరువాతి అడుగుకు పోతుంది. చివరికి వచ్చిన పాఠాన్నంతా ముందే భద్రపరచిన పాఠంతో పోలుస్తుంది. పరీక్ష నమ్మకమంతా ఈ అడగడంలో ఉంది. యంత్రం నెమ్మదిగా ఉన్న రోజున ఒక ఫలితం, చురుగ్గా ఉన్న రోజున మరో ఫలితం ఇచ్చే పరీక్షను కొన్నాళ్ళకు ఎవరూ పట్టించుకోరు.

పిన్ కట్టుబాటును పరీక్షించే పద్ధతి ఇంకా తెలివైనది. ఒక సెషన్ కర్సర్ తెరిచి ఒక్క రికార్డు మాత్రం తెచ్చుకుని అక్కడే నిలబడుతుంది. కర్సర్ ఆ పేజీ మీదే ఉంటుంది కాబట్టి పిన్ కూడా ఉంటుంది. ఇప్పుడు ఇంకొక సెషన్ వాక్యూమ్ నడుపుతుంది. మామూలు వాక్యూమ్ ఆ పిన్ వదిలేదాకా కాచుకోకూడదు, ఆ పేజీని సర్దకుండా ముందుకు పోవాలి, పట్టికలో ఎన్ని రికార్డులున్నాయన్న లెక్క మాత్రం తప్పకూడదు. చదువరిని నిలబెట్టడానికి సర్వర్ లోపల ఏమీ మార్చనక్కర్లేదు. ఎవరైనా రాయగల మామూలు ఎస్‌క్యూఎల్ చాలు.

అయినా ఎస్‌క్యూఎల్ అడుగుల మధ్యకు చొరబడగలం గానీ, సర్వర్ లోపలి సీ భాష కోడ్‌లో రెండు పంక్తుల మధ్యకు పోలేం. ఆ లోటు 2024లో వచ్చిన 17వ వెర్షన్ తీర్చింది. కోడ్‌లో కావలసిన చోట ఇంజెక్షన్ పాయింట్ అనే గుర్తు పెడతారు. పరీక్ష నడిచేటప్పుడు ప్రాసెస్‌ను సరిగ్గా అక్కడ ఆపి, ఇంకొకరి చేత కావలసిన పని చేయించి, మళ్ళీ కదిలిస్తారు. వీటికోసం ఉన్న ఐచ్ఛికం పెట్టి కంపైల్ చేస్తేనే ఇవి ఉంటాయి, మామూలు బిల్డ్‌లో వీటి భారం ఉండదు.

ఇలాంటి పరీక్షలు పోస్ట్‌గ్రెస్ సోర్స్‌లోనే ఉన్నాయి, ఎవరైనా చదవవచ్చు. ఎస్‌క్యూఎల్ కొద్దిగా వచ్చినవారు టెస్ట్ ఫోల్డర్‌లో ఐసొలేషన్, దానిలో స్పెక్స్ తెరిచి ఒక్క ఫైలు చదవండి. తరువాత మీ ఆఫీసులో డిలీట్ రాసిన ప్రతి చోటుకూ అలాంటి పరీక్ష ఒకటి రాయండి.