చేతియంత్రమును శిశుపఠనమును

చిన్నబిడ్డకు చదువు వచ్చినదా లేదా యని తెలిసికొనుటకు మనకు చిరకాలము వ్రాతపరీక్షయే సాధనముగా నుండెను. పాఠమును వల్లెవేసిన బాలుడు జవాబును చక్కగా దింపివేయును; క్రొత్తపుట నెదుట నుంచినచో నోరు మెదపడు. ఈ లోపమును తీర్చుటకే బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, పైకి చదివించి వినెడి పద్ధతి వచ్చినది. 2005లో మొదలైన ‘అసర్’ సర్వేవారు అక్షరములు, పదములు, చిన్నపేరా, కథ అను నాలుగు మెట్లతో గ్రామములందు ఈ పని చేసిరి. 2006లో అమెరికాయందలి ఆర్.టి.ఐ. సంస్థ ‘ఎగ్రా’ యను పఠనపరీక్షను సిద్ధపరచి, పిమ్మట దానిని టాబ్లెట్టుమీద నడుపుటకు ‘టాంజెరీన్’ అను సాధనమును నిర్మించెను.

ఇందలి క్రమము సులభము. కాగితము బిడ్డ చేతిలోను, యంత్రము పరీక్షకుని చేతిలోను ఉండును. తప్పుగా చదివిన పదముమీద పరీక్షకుడు వ్రేలుంచిన చాలును. 60 సెకండ్లు గడువగానే గడియారము తెలుపును. లెక్క యంత్రమే కట్టును. ఒక కంట గడియారమును, ఒక కంట కాగితమును చూచుచు బిడ్డ గొంతును వినవలసిన తికమక తప్పినది. గూగుల్‌వారి ‘రీడ్ అలాంగ్’ మరియొక యడుగు ముందుకు వేసినది. 2019లో ‘బోలో’ పేర వెలువడి, 2020లో తెలుగుతో గూడ పలుభాషలకు వ్యాపించిన ఈ సాధనమున వినునది మనుష్యుడు గాదు, సెల్‌ఫోనే. ఈ మేలును కాదనుట పాతను పట్టుకొని వ్రేలాడుటయే యగును.

అయినను, తక్కెడ మంచిదైనంత మాత్రమున తూనికరాయి సరియైనది కానక్కరలేదు. ఈ యంత్రము లెక్కించునది నిమిషమునకు ఎన్ని పదములని. 2021 జులై 5న కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యములలో రెండవతరగతికి నిమిషమునకు 45 మొదలు 60 పదములును, మూడవతరగతికి అర్థముతో గూడ కనీసము 60 పదములును నిర్ణయింపబడినవి. పదమన నేమి? హిందీబాలుడు ‘పఢ్ రహా హై’ యని మూడు పదములు చదువునంతలో మన బాలుడు ‘చదువుతున్నాడు’ అని ఒక్కటే చదువును. ఇంగ్లీషున ‘హి డిడ్ నాట్ కమ్’ నాలుగు పదములు. తెలుగున ‘రాలేదు’ ఒక్కటి. ప్రత్యయములన్నియు పదమునకే యంటుకొను భాషను విడిపదముల భాషతో నొకే రాతితో తూచుట న్యాయము గాదు. ఈ సంగతి పెద్దలకు తెలియకపోలేదు. 2022 మార్చిలో జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలివారు 20 భాషలలో మూడవతరగతి పిల్లలను ఒక్కొక్కరిని పరీక్షించి, ఏ భాషకా భాషకు వేరు ప్రమాణము నిర్ణయించిరి. ఆ వివేకము బడిలోని యంత్రమునకును చేరవలెను.

లిపి సంగతియు నట్టిదే. ఇంగ్లీషుకు 26 అక్షరములు. మనకు గుణింతములు, ఒత్తులు కలసి వందలు. 2007లో సోనాలీ నాగ్ గారు కన్నడబాలుర పఠనమును పరిశీలించి, ఆ యక్షరజ్ఞానము నాలుగవతరగతివరకును పెరుగుచుండునని చూపిరి. మన లిపి దానికి తోబుట్టువే గదా!

ఇక మా జహీరాబాదు ప్రాంతమందలి మొగుడంపల్లిని చూడుడు. 2016లో మండలమైన యీ యూరు కర్ణాటకమునకు పొరుగు. ఇచ్చట బిడ్డ యింట మాటలాడునది లంబాడీ కావచ్చును, కన్నడము కావచ్చును, ఉర్దూ కావచ్చును. అట్టి బిడ్డ తెలుగుపుటను ఆగి ఆగి చదివి, అర్థము గ్రహించి, తన యింటిమాటలో కథను చక్కగా చెప్పెననుకొందము. వేరొకడు గడగడ చదివి యేమియు చెప్పలేకపోయెననుకొందము. వేగమును మాత్రమే చూచు లెక్కలో రెండవవాడే మేటి. ఎగ్రాలో అర్థప్రశ్నలును గలవు. కాని పట్టికలు మీదికి పోవుకొలది నిమిషమున కింత యను అంకె యొక్కటే మిగులును. బిడ్డ వెనుకబడినాడని ముద్రవేయునది ఆ యంకెయే.

కావున యంత్రమును పారవేయుమని నేననను. తెలుగున పదములతోబాటు అక్షరములనుగూడ లెక్కింపవలెను. అర్థప్రశ్నకు బిడ్డ యేభాషలో బదులు చెప్పినను అంగీకరింపవలెను. వేగము, అర్థము అను రెండంకెలును విడదీయక ప్రకటింపవలెను. తెలంగాణమున 2022లో ప్రారంభమైన ‘తొలిమెట్టు’ యుద్దేశము బిడ్డను ఉన్నచోటినుండి పైకెక్కించుటయే గదా. కొలత యుపాధ్యాయునికి దారి చూపవలెనే గాని, బిడ్డకు తీర్పు కారాదు.

తల్లిదండ్రులకు నొక మనవి. బడినుండి మీ బిడ్డ యంకె వచ్చినప్పుడు సంతోషపడుటకుగాని చింతించుటకుగాని ముందు, ఒక క్రొత్తకథను వానిచేత చదివించి, ‘ఏమి జరిగినదిరా?’ యని యడుగుడు. తొందరపెట్టక వినుడు. వాడు చెప్పిన మాటలను ఆ యంకె ప్రక్క నుంచుకొని మరునాడు ఉపాధ్యాయునితో మాటలాడుడు.