నర్సు మిత్ర కథ: వైద్యంలో హద్దు దాటినదెవరు?

బెంగాలీ కథకుడు ఆశుతోష్ ముఖోపాధ్యాయ రాసిన ‘నర్స్ మిత్ర’ కథకు మన దేశ చలనచిత్ర చరిత్రలో ఒక విశిష్ట స్థానం ఉంది. 1959లో అసిత్ సేన్ దర్శకత్వంలో అది ‘దీప్ జ్వేలే జాయ్’ అన్న పేరుతో బెంగాలీ చిత్రంగా వచ్చింది. నర్సు పాత్రను సుచిత్రా సేన్ ధరించారు. మరుసటి సంవత్సరమే, 1960లో, గుత్తా రామినీడు దర్శకత్వంలో ‘చివరకు మిగిలేది’గా తెలుగులోకి వచ్చింది. ఆ పాత్ర సావిత్రిది. బుచ్చిబాబు ప్రసిద్ధ నవలకూ ఈ చిత్రానికీ పేరు తప్ప వేరే సంబంధం లేదు. వైద్యవిద్య అభ్యసించిన ఎం. ప్రభాకర్ రెడ్డి నటుడుగా తొలిసారి కనిపించింది ఇందులోనే. దాదాపు పదేళ్ల తరువాత అసిత్ సేనే ఆ కథను హిందీలో ‘ఖామోషీ’గా మళ్ళీ తీశారు. అందులో వహీదా రెహమాన్ నర్సు, రాజేష్ ఖన్నా రోగి. ఒకే కథ ఇంత తక్కువ వ్యవధిలో మూడు భాషల ప్రేక్షకులను కదిలించడం గమనార్హం.

ఈ చిత్రాలను మనం ఎక్కువగా పాటల కోసమూ, కథానాయికల నటన కోసమూ గుర్తుంచుకున్నాం. విఫలప్రేమ గాథగా, స్త్రీ త్యాగానికి ప్రతీకగా వాటిని మెచ్చుకుంటూ వచ్చాం. ఆ మెప్పులో అన్యాయమేమీ లేదు. కాని కథ జరిగేది ఆస్పత్రిలో; ప్రేమించేది ఉద్యోగిని; ప్రేమించమని చెప్పేది ఆమె పై అధికారి. ఈ మూడు విషయాలనూ పక్కన పెట్టి కథను చదివితే దానిలోని అసలు ప్రశ్న మనకు అందదు. మనసుకు చికిత్స చేసేవారికీ, చేయించుకునేవారికీ నడుమ ఒక హద్దు ఎందుకుండాలి, దాన్ని కాపాడవలసిన బాధ్యత ఎవరిది అన్నదే ఆ ప్రశ్న.

కథ స్థూలంగా ఇది. మానసిక చికిత్సాలయం పెద్ద, హిందీ చిత్రంలో అందరూ కర్నల్ సాహెబ్ అని పిలిచే వైద్యుడు, ఒక కొత్త పద్ధతిని పరీక్షిస్తుంటాడు. ప్రేమలో దెబ్బతిని మతి తప్పిన యువకునికి ప్రేమే ఔషధమని ఆయన నమ్మకం. అందుకని నర్సు రాధ ఆ రోగి ఎదుట ప్రియురాలిగా నటించాలి. రోగి కోలుకున్నాక ఆ నటనను విరమించాలి. మొదటి రోగి విషయంలో ప్రయోగం ఫలిస్తుంది. అతడు స్వస్థుడై తన దారిన తాను వెళ్ళిపోతాడు. నటిస్తున్నానని అనుకున్న రాధ నిజంగానే అతణ్ణి ప్రేమించి ఉంటుంది. రెండవ రోగి వచ్చినప్పుడు ఆమె వద్దంటుంది. తరువాత ఒప్పుకుంటుంది. ఆ రోగీ కోలుకుంటాడు. చివరకు మతి తప్పినది రాధకు. తాను సేవ చేసిన చోటికే ఆమె రోగిగా చేరుతుంది.

ఈ కథను చరిత్ర పక్కన పెట్టి చూడడం అవసరం. చికిత్స జరుగుతున్నప్పుడు రోగికి వైద్యునిపై అనురాగం కలగడం మనోవిశ్లేషణ శాస్త్రానికి దాదాపు ఆరంభదశలోనే ఎదురైన సమస్య. 1915లో ఫ్రాయిడ్ దీనిమీదే ఒక ప్రత్యేక వ్యాసం రాశాడు. ఆ ప్రేమ వైద్యుని గుణగణాలను చూసి పుట్టినది కాదనీ, చికిత్సాసన్నివేశం పుట్టించినదనీ, రోగి గత జీవితంలోని బంధాల నీడ దానిలో ఉంటుందనీ ఆయన వివరించాడు. వైద్యుడు దాన్ని ఛీకొట్టరాదు, దానికి బదులు పలకనూ రాదు. దాన్ని అర్థం చేసుకోవడానికి రోగికి తోడ్పడాలి. ఆ ప్రేమ తన విజయమని వైద్యుడు భ్రమపడితే చికిత్స అక్కడితో ముగిసినట్లే.

ఈ నియమం పుస్తకాల్లో పుట్టలేదు, పొరపాట్లలోంచి పుట్టింది. 1904లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆస్పత్రిలో సబీనా స్పీల్‌రైన్ అనే రష్యన్ యువతి రోగిగా చేరింది. ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు కార్ల్ యుంగ్. కాలక్రమంలో వారి సంబంధం వైద్యపు హద్దులు దాటింది. ఆ కలవరం తన దాకా వచ్చినప్పుడు, 1909లో యుంగ్‌కు రాసిన లేఖలో, రోగి పట్ల వైద్యునిలో కలిగే ప్రతిస్పందనకు ఫ్రాయిడ్ తొలిసారిగా ఒక పేరు పెట్టాడు. దాన్నే నేడు కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటున్నారు. స్పీల్‌రైన్ తరువాత స్వయంగా మనోవిశ్లేషకురాలై శాస్త్రానికి సేవ చేసింది. 1942లో నాజీల చేతిలో హతమైంది. ఆమె డైరీ, లేఖలు 1977లో జెనీవాలో బయటపడే వరకు ఈ ఉదంతంలో ఆమె వైపు మాట లోకానికి సరిగా తెలియలేదు. చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక పాఠం ఉంది. చికిత్సాలయాల దస్త్రాల్లో సాధారణంగా భద్రపడేది వైద్యుని కంఠమే.

కలకత్తాకు ఈ శాస్త్రం కొత్తది కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే అక్కడ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపారు. 1940లో లుంబినీ పార్క్ మానసిక చికిత్సాలయం వెలిసింది. కాబట్టి ‘నర్స్ మిత్ర’ కథ పుట్టిన నగరంలో చికిత్సాప్రేమను గురించిన చర్చ అప్పటికే మూడు దశాబ్దాల పైచిలుకు వయసు గలది. ఈ నేపథ్యంలో చూసినప్పుడు కర్నల్ ప్రయోగం విచిత్రంగా తోస్తుంది. శాస్త్రం ప్రమాదమని గుర్తించి దూరంగా ఉంచమన్న దానినే ఆయన మందుచీటీలో రాసి ఇచ్చాడు. అంతకంటె ముఖ్యం, ఆ మందును తాను ఇవ్వలేదు, మరొకరి చేత ఇప్పించాడు.

కర్నల్ దుర్మార్గుడు కాడు. విద్యుదాఘాతం కంటె మృదువైన మార్గం ఉండాలని కోరుకున్న సదాశయం ఆయనది. 1938లో రోమ్‌లో మొదలైన విద్యుత్ చికిత్సను చాలాచోట్ల మత్తుమందు లేకుండానే ఇచ్చిన కాలం అది. అందుచేత ఆయన ఆకాంక్షను మనం అర్థం చేసుకోగలం. ఐతే సదాశయం గల అధికారి చేసే తప్పును పట్టుకోవడమే అన్నింటికంటె కష్టం. రాధ వద్దన్నప్పుడు ఆమె మాటలో ఒక వృత్తిపరమైన నిర్ణయం ఉంది. ఈ పని తనకు హాని చేస్తుందని ఆమెకు అనుభవపూర్వకంగా తెలుసు. ఆ నిరాకరణను ఆయన ఆమె బలహీనతగా, కర్తవ్యవిముఖతగా చూశాడు. ఆమె గుండె మెత్తబడే దాకా ఆగాడు.

ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్నవారికి ఈ సన్నివేశం అపరిచితం కాదు. నోటిమాటగా వచ్చే ఆదేశం, కాదనలేని గౌరవం, కింది ఉద్యోగి మౌనం, ఫలితం బాగుంటే పద్ధతికి పేరు, బాగుండకపోతే వ్యక్తికి నింద. హిందీ చిత్రానికి మౌనమనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఈ దృష్టితో చూస్తే ఎంతో సముచితం. రాధ మౌనం ఆమె స్వభావం మాత్రమే కాదు, ఆమె హోదా కూడా. ఆమె మనసు స్థితిని అడిగి తెలుసుకునే ఏర్పాటు ఆ ఆస్పత్రిలో లేదు. రోగికి ఒక మంచం, ఒక సంఖ్య, ఒక చార్టు ఉన్నాయి. నర్సుకు ఉన్నది డ్యూటీ మాత్రమే.

1983లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ ‘ద మేనేజ్డ్ హార్ట్’ అనే గ్రంథంలో, విమానాల్లో పనిచేసే పరిచారికల వంటివారు చిరునవ్వునూ ఆప్యాయతనూ ఉద్యోగంలో భాగంగా ఇవ్వవలసి రావడాన్ని పరిశీలించి, దాన్ని ఒక శ్రమగా గుర్తించాలన్నారు. ఆ మాట పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే మన చిత్రాలు ఆ శ్రమ మూల్యాన్ని తెరపై చూపాయి. వైద్యవృత్తిలో హద్దు రోగిని వైద్యుని నుంచి కాపాడేందుకే అని మనం సాధారణంగా అనుకుంటాం. సేవ చేసే మనిషిని కూడా అది కాపాడుతుందని రాధ కథ నిరూపిస్తుంది.

రోగి సంగతి కూడా ఆలోచించవలసి ఉంది. తనకు అందుతున్న ప్రేమ చికిత్సలో భాగమని అతనికి తెలియదు. ఒక స్త్రీ చేతిలో వంచన పొందానని కుమిలిపోతున్నవానికి మరొక నటనతో మందు వేయడం నైతికంగా ఎంతవరకు సమంజసం? చిత్రాలు ఈ ప్రశ్నను తాకి తప్పుకుంటాయి. అంతేకాదు, ప్రేమవైఫల్యం నుంచి ఉన్మాదం పుట్టడం, మరొక ప్రేమతో అది నయం కావడం వైద్యశాస్త్రం అంగీకరించే నిదానం కాదు. చికిత్సాలయ జీవితాన్ని చిత్రించిన కథగా ఇది ఈ రచన బలహీనత. రాధ పతనాన్ని త్యాగంగా అలంకరించడం మరో బలహీనత. ప్రేక్షకుడు కన్నీరు పెట్టుకుంటాడు. కన్నీటితో పాటు ప్రశ్న కూడా కొట్టుకుపోతుంది.

ఐనా ‘ఖామోషీ’లో దృశ్యం కొన్నిచోట్ల కథను మించింది. రంగుల చిత్రాలు వెల్లువెత్తిన రోజుల్లో అసిత్ సేన్ నలుపు తెలుపులనే ఎంచుకున్నారు. కమల్ బోస్ కెమెరా ఆస్పత్రి నడవాలను, మెట్లను, కిటికీ ఊచల నీడలను పదేపదే చూపుతుంది. మొదటి రోగి పాట పాడే ఘట్టంలో అతని ముఖం మనకు దాదాపు దక్కదు. అతడు తనవాడు కాడని రాధకు తెలియకముందే మనకు తెలిసిపోతుంది. వహీదా రెహమాన్ నటనలోని సంయమనం, అణచుకున్నది ఎంతో చెప్పకనే చెబుతుంది. చివరి ఘట్టంలో తలుపు మూసుకున్నప్పుడు లోపల ఉన్నది ఉద్యోగిని, బయట నిలిచినది వ్యవస్థ. సంభాషణలు ప్రేమను గురించి మాట్లాడుతున్నా దృశ్యం బాధ్యతను గురించి మాట్లాడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఈ హద్దులు పాశ్చాత్యుల ఊహలనీ, ఆత్మీయత లేనిదే భారతీయ రోగి మనసు విప్పడనీ కొందరి వాదం. దీన్ని తేలికగా కొట్టివేయరాదు. మనోవైద్యుడూ, ప్రముఖ పంజాబీ కవీ అయిన జస్వంత్ సింగ్ నేకీ 1973లో ప్రకటించిన ఒక వ్యాసంలో, గురుశిష్య సంబంధం మన దేశంలో చికిత్సకు నమూనా కాగలదని ప్రతిపాదించారు. దూరం పాటించే వైద్యుని కంటె చేయి పట్టుకు నడిపించే గురువు మన సమాజానికి దగ్గరివాడన్నది నిజమే. కాని గురువుకూ హద్దులున్నాయి. శిష్యుణ్ణి తన అవసరానికి వాడుకోనంత వరకే అతడు గురువు. చరక సంహిత విమానస్థానంలో శిష్యునికి చేసే ఉపదేశంలో వైద్యుడు రోగి ఇంటికి ఎలా వెళ్ళాలో, అక్కడ మనసును ఎక్కడ నిలపాలో, ఆ ఇంటి విషయాలు బయట పెట్టరాదని స్పష్టంగా ఉంది. మర్యాద అనే మాటనే చూడండి. తెలుగులో దాన్ని గౌరవమన్న అర్థంలో వాడుతున్నాం. సంస్కృతంలో దాని అర్థం హద్దు. ఆత్మీయతకు హద్దు విరోధి కాదని మన భాషకు ఎప్పుడో తెలుసు. సముద్రానికి చెలియలికట్ట ఎటువంటిదో చికిత్సకు ఈ మర్యాద అటువంటిది.

ఈ చిత్రాలు వచ్చేనాటికి దేశంలో అమలులో ఉన్నది 1912 నాటి లూనసీ చట్టం. దాని స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం, తరువాత 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాయి. ఈ చివరి చట్టం రోగి గౌరవాన్నీ, గోప్యతనూ, అంగీకారాన్నీ హక్కులుగా గుర్తించింది. మత్తుమందు లేని విద్యుత్ చికిత్సను నిషేధించింది. వైద్యుల నడవడికి సంబంధించిన 2002 నాటి నియమావళి, వృత్తిస్థానాన్ని అడ్డుపెట్టుకుని రోగితో అనుచితంగా ప్రవర్తించడాన్ని దోషంగా ప్రకటించింది. అమెరికన్ మనోవైద్యుల సంఘం 1973లో రోగులతోనూ, 1993లో పూర్వరోగులతోనూ లైంగిక సంబంధం అనైతికమని స్పష్టం చేసింది. ఇవన్నీ అవసరమైనవే. ఐతే ఇవి ప్రధానంగా తప్పు చేసిన వ్యక్తిని ఉద్దేశించినవి. పైనుంచి వచ్చిన ఆదేశం వల్ల హద్దు చెరిగిపోయినప్పుడు, ఆదేశాన్ని పాటించిన మనిషి దెబ్బతిన్నప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా సంస్థల మనస్సాక్షికే మిగిలి ఉంది.

నిబంధన రాసేవారు, ఆస్పత్రులను నడిపేవారు ఈ కథను మరొకసారి చూడడం మంచిదని అందుకే అనిపిస్తుంది. హద్దు మనుషుల మధ్య ఉండే ప్రేమాభిమానాలపై వేసిన నిషేధం కాదు. ఎవరు ఎంత ఇవ్వాలి, ఎంత అడగరాదు అన్నది సంస్థ ముందుగానే ఆలోచించి, రాసి, పాటించవలసిన విషయం. రాధ వద్దన్న రోజున ఆ మాటను ఒక కాగితం మీద నమోదు చేసి, మరొక వైద్యుని అభిప్రాయం కోరి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. మనకు మూడు మంచి చిత్రాలు దక్కి ఉండేవి కావు. ఒక నర్సు మాత్రం మర్నాడు ఉదయం మామూలుగా డ్యూటీకి వచ్చి ఉండేది.